లావా మోసుకొచ్చిన పరాయి రాయి

లావా గడ్డకట్టిన నల్లటి బసాల్ట్ బండను సుత్తితో కొడితే ఒక్కోసారి లోపల పచ్చటి ముద్ద ఒకటి బయటపడుతుంది. గుప్పెడంత ఉండొచ్చు, అరుదుగా ఫుట్‌బాల్ అంత కూడా ఉండొచ్చు. పగిలిన చోట పలుకులు పలుకులుగా గింజలు మెరుస్తుంటాయి. ఎక్కువభాగం లేత ఆకుపచ్చ, మధ్యమధ్య గోధుమరంగు, అక్కడక్కడ మరకతంలాంటి చిక్కటి పచ్చ, ఇంకా చిన్న చిన్న నల్లటి నలుసులు. చుట్టూ ఉన్న బసాల్ట్‌కీ ఈ ముద్దకీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు.

అమెరికాలో ఆరిజోనాలోని సాన్ కార్లోస్, జర్మనీలోని ఐఫెల్ ప్రాంతం, ఆస్ట్రేలియాలోని విక్టోరియా, కానరీ దీవుల్లోని లాంజరోటే, దక్షిణ అమెరికా కొసన ఉన్న పాలీ ఐకే... ఇవన్నీ ఇలాంటి రాళ్లకు పేరుపడ్డ చోట్లు. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని జెనోలిత్‌లు అంటారు. గ్రీకు భాషలో జెనోస్ అంటే పరాయి, లిథోస్ అంటే రాయి. పరాయి రాయి అన్నమాట. ఈ పచ్చ ముద్దలు వచ్చింది భూపటలం కింద ఉన్న మాంటిల్ నుంచి.

అగ్నిపర్వతం బయటికి తెచ్చింది కాబట్టి ఈ రాయి అగ్నిపర్వతంలోనే పుట్టిందనుకోవడం సహజం. ఈ విషయంలో చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రాయి పుట్టడం ఒక సంగతి, దాన్ని పైకి మోసుకురావడం ఇంకో సంగతి. రెండింటి మధ్య కోట్ల ఏళ్లు, కొన్నిసార్లు వందల కోట్ల ఏళ్లు తేడా ఉంటుంది. ఆ మధ్యకాలంలో రాయికి జరిగినవన్నీ మూడో సంగతి. జెనోలిత్ గురించి ఏ ప్రశ్న వేసినా ఈ మూడింటిలో దేన్ని అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి.

తవ్వి తెచ్చుకోలేమా?

ఖండాల కింద భూపటలం మందం మామూలుగా 30 నుంచి 50 కిలోమీటర్లు ఉంటుంది. సముద్రాల కింద 6, 7 కిలోమీటర్లే. ఆ కిందున్నది మాంటిల్. భూకంప తరంగాలు ఒక లోతు దాటాక ఒక్కసారిగా వేగం పుంజుకోవడాన్ని 1909లో క్రొయేషియాలో వచ్చిన ఒక భూకంపం రికార్డుల్లో ఆండ్రియా మొహొరోవిచిచ్ గమనించాడు. ఆ హద్దును ఇప్పటికీ ఆయన పేరుతో మోహో అనే పిలుస్తున్నాం.

ఆ హద్దు దాటి నేరుగా రాయి తెచ్చుకోవాలని మనుషులు గట్టిగానే ప్రయత్నించారు. 1961లో అమెరికా మోహోల్ ప్రాజెక్టు పేరుతో మెక్సికోకు పశ్చిమాన సముద్రం అడుగును తవ్వింది. 183 మీటర్లు దిగారు. 1966లో ఆ ప్రాజెక్టే ఆగిపోయింది. సోవియట్ యూనియన్ 1970లో కోలా ద్వీపకల్పంలో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరింది. మనిషి తవ్వకం నిలువుగా అంతకంటే లోతుకు ఎప్పుడూ వెళ్లలేదు. అయినా అది అక్కడి భూపటలంలో మూడోవంతు మాత్రమే. 2023లో అట్లాంటిక్ అడుగున అట్లాంటిస్ మాసిఫ్ దగ్గర 1,268 మీటర్ల మేర మాంటిల్ రాయినే తవ్వి తీశారు. అది నిజంగా గొప్ప పని. కాకపోతే ఆ రాయి పగుళ్ల వెంట నెమ్మదిగా పైకి జరిగి, సముద్రపు నీటితో కలిసి చాలావరకు సర్పెంటైన్ అనే నీళ్లున్న ఖనిజంగా మారిపోయిన రాయి. పర్వతాల్లోకి నెట్టుకొచ్చిన మాంటిల్ ముక్కలదీ ఇదే కథ. అవి పైకి రావడానికి లక్షల, కోట్ల ఏళ్లు పట్టింది. దారిలో చల్లబడి, నలిగి, నీళ్లు తాగి, లోతులో ఉన్నప్పటి గుర్తులు చాలా పోగొట్టుకున్నాయి.

జెనోలిత్‌కి ఉన్న విలువ ఇదే. అది గంటల్లో పైకి వస్తుంది, వచ్చీ రాగానే చల్లారిపోతుంది. మారడానికి దానికి టైమ్ దొరకదు.

ఇది మాంటిల్ ముక్కేనని ఎలా చెప్పగలం?

ఈ ప్రశ్న చాలాకాలం నిజమైన వివాదంగానే నడిచింది. ఒక వర్గం వాదన ఇలా ఉండేది: మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) చల్లబడేటప్పుడు ముందుగా గడ్డకట్టే ఖనిజం ఓలివిన్, ముద్దలోని ఆ లేత ఆకుపచ్చ గింజలే. అది బరువు కాబట్టి మాగ్మా గది అడుగుకు చేరి పేరుకుంటుంది. తర్వాత విస్ఫోటనంలో ఆ పేరుకున్న గడ్డే ముక్కలై పైకి వస్తుంది. అంటే పచ్చ ముద్ద పరాయిది కాదు, ఆ మాగ్మా బిడ్డే. ఈ వాదన తప్పుడు వాదనేం కాదు. కొన్ని చోట్ల జరిగింది సరిగ్గా ఇదే.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ హవాయి దీవుల్లోని హువలాలై అగ్నిపర్వతం. 1800, 1801లలో అది కక్కిన లావాలో రాతి ముద్దలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. చాలావాటిలో ఓలివిన్ నిండుగా ఉంటుంది. పైపైన చూస్తే మాంటిల్ రాళ్లే అనిపిస్తాయి. పరీక్షిస్తే మాత్రం వాటిలో ఎక్కువభాగం అదే అగ్నిపర్వతం వయసులో ఉన్నప్పుడు పంపిన పాత మాగ్మాలు లోతులో గడ్డకట్టి పేరుకున్న పొరలని తేలింది. లావాకి అవి పూర్తిగా సొంతమూ కావు, పూర్తిగా పరాయివీ కావు. పచ్చగా ఉన్నదల్లా మాంటిల్ కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరి తేడా పట్టుకునేది ఎలా? ఓలివిన్‌లో మెగ్నీషియం, ఇనుము ఒకదాని స్థానంలో ఒకటి ఇముడుతాయి. ఓలివిన్ నిండిన మాంటిల్ రాయి పేరు పెరిడోటైట్. దానిలోని ఓలివిన్‌లో ఆ రెండు లోహాల పరమాణువులు కలిపి వంద ఉంటే దాదాపు 90 మెగ్నీషియానివే. పైకొచ్చే దారిలో చల్లబడుతున్న బసాల్ట్ మాగ్మాలో పెరిగే ఓలివిన్‌కి ఆ సంఖ్య సాధారణంగా 80ల్లోనో ఇంకా కిందనో ఉంటుంది. కాల్షియం ఇంకో ఆనవాలు. మాంటిల్ ఓలివిన్‌లో అది చాలా తక్కువ. లావాలో పెరిగిన ఓలివిన్‌లో అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. గింజల అమరిక కూడా సాక్ష్యం చెబుతుంది. మాంటిల్ రాతిలో గింజలు చాలాకాలం వేడిలో ఒకదానికొకటి ఒత్తుకుని సర్దుకున్నవి. మూడు గింజలు కలిసే చోట హద్దులు దాదాపు సమాన కోణాలతో కలుస్తాయి. ఘనరూపంలోనే వంగి, పాకిన గుర్తులు గింజల లోపల పట్టీలుగా కనిపిస్తాయి.

నాకు బాగా నచ్చే సాక్ష్యం మాత్రం వాయువుది. 1965లో ఎడ్విన్ రోడర్ ఈ పచ్చ ముద్దల్లోని ఓలివిన్ గింజల్లో సూక్ష్మమైన బుడగలు చూశాడు. లోపల ఉన్నది కార్బన్ డయాక్సైడ్, అదీ ద్రవరూపంలో. అంత చిక్కగా ఆ వాయువు చిక్కుకోవాలంటే చుట్టూ వేల వాతావరణాల పీడనం ఉండాలి. భూమి పైన ఉన్న మాగ్మాలో అది జరిగే పని కాదు. దారిలో కొన్ని బుడగలు చిట్లి కొంత వాయువు పోతుంది కాబట్టి, ఇప్పుడు కొలిచేది అసలు పీడనానికి కనీస హద్దు మాత్రమే.

వీటన్నిటికీ మించినది వయసు. దాని గురించి కాసేపాగి చెబుతాను.

మునగాల్సిన రాయి తేలి ఎలా వచ్చింది?

పెరిడోటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.3 గ్రాములు. బసాల్ట్ మాగ్మాది 2.7కి అటూ ఇటూ. రాయి మాగ్మాలో మునగాలి. పైకి వచ్చిందంటే, రాయి మునిగే వేగం కంటే మాగ్మా ఎగసే వేగం ఎక్కువగా ఉందన్నమాట. ఇంత చిన్న తర్కంతో ఒక విస్ఫోటనం వేగానికి కింది హద్దు దొరికిపోతుంది. ఫుట్‌బాల్ అంత రాయిని తేవాలంటే మాగ్మా సెకనుకు కొన్ని పదుల సెంటీమీటర్ల వేగంతోనైనా రావాలి. సెకనుకు అర మీటరు అనుకుందాం. 60 కిలోమీటర్ల లోతు నుంచి పైకి చేరడానికి ఒకటిన్నర రోజు కూడా పట్టదు.

ఇంకో గడియారం ఓలివిన్ లోపలే ఉంది. లోతులో ఉన్నప్పుడు దాని స్ఫటికంలో కొద్దిగా హైడ్రోజన్ ఇమిడి ఉంటుంది. పైకి వస్తూ పీడనం తగ్గేకొద్దీ అది గింజ అంచుల నుంచి బయటికి జారుకుంటుంది. అంచులో ఎంత పోయింది, మధ్యలో ఎంత మిగిలింది అని కొలిస్తే ప్రయాణం ఎంతసేపు సాగిందో లెక్క కట్టొచ్చు. పాలీ ఐకే రాళ్ల మీద ఇలా చేసిన లెక్క 2006లో అచ్చయింది. సెకనుకు 6 మీటర్లు, అటూ ఇటూ 3 మీటర్ల తేడాతో. ఆ వేగంతో 70 కిలోమీటర్లు రావడానికి మూడు గంటల పైచిలుకు చాలు. కోట్ల ఏళ్లు కదలకుండా ఉన్న రాయి ఒక్క పూటలో భూమి పైకి వచ్చేసింది. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మాగ్మా పైకి రావడమంటే ముందే సిద్ధంగా ఉన్న గొట్టంలో నీళ్లు ఎక్కడం లాంటిది కాదు. అది తన ఒత్తిడితో రాయిని చీల్చుకుంటూ ఆ చీలికలోనే పైకి పాకుతుంది. చీలిక గోడల నుంచి రాలిన పెచ్చులే జెనోలిత్‌లు. దారి పొడవునా గోడలుంటాయి కాబట్టి ఒకే విస్ఫోటనం వేరువేరు లోతుల్లోని రాళ్లను కలిపి తెస్తుంది. మాంటిల్ రాళ్లతో పాటు భూపటలం అడుగు రాళ్లు కూడా వస్తాయి.

మామూలు అగ్నిపర్వతాలన్నిటిలో ఇవి ఎందుకు దొరకవో కూడా ఇక్కడే అర్థమవుతుంది. చాలా మాగ్మాలు భూపటలంలో గదుల్లాంటి చోట్ల ఆగి, చల్లబడి, రూపు మార్చుకుని తర్వాత బయటికి వస్తాయి. ఆగిన చోట బరువైన రాళ్లు అడుగుకు చేరిపోతాయి. ఆగకుండా వచ్చే మాగ్మాలే వాటిని పైదాకా తేగలవు. సోడియం, పొటాషియం ఎక్కువగా, వాయువులు నిండుగా ఉన్న ఆల్కలీ బసాల్ట్‌లు అలాంటివి. అంతకంటే లోతు నుంచి, అంతకంటే దూకుడుగా వచ్చేది కింబర్లైట్. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరే దానికి పెట్టారు.

కింబర్లైట్ అంత వేగం ఎలా పుంజుకుంటుందనే దానికి 2012లో ఒక ఆసక్తికరమైన వివరణ వచ్చింది. మొదట్లో అది కార్బొనేట్‌తో నిండిన ద్రవం. దారిలో తెంపుకున్న మాంటిల్ ముక్కల్లోని ఆర్థోపైరాక్సీన్ అనే ఖనిజాన్ని అది కరిగించుకుంటుంది. దాంతో ద్రవంలో సిలికా పెరుగుతుంది. సిలికా పెరిగితే కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించి ఉంచుకునే శక్తి తగ్గిపోతుంది. వాయువు నురగలా బయటపడి ద్రవాన్ని తేలిక చేస్తుంది, వేగం పెంచుతుంది. వేగం పెరిగితే ఇంకా రాళ్లు రాలతాయి, ఇంకా కరుగుతాయి. ప్రయోగశాలలో ఈ చర్య చాలా త్వరగా జరుగుతుందని చూపించారు. అంటే మోసుకొచ్చే వాహనం తన సరుకులో కొంత తినేసి, ఆ బలంతోనే పరుగెడుతోంది. ఇందులో మనకు ఒక హెచ్చరిక కూడా ఉంది. పైకి చేరినవి మాగ్మా తినకుండా వదిలిన ముక్కలు. అక్కడ ఉన్నవన్నీ పైకి రాలేదు.

రాయి ఏ లోతుదో ఖనిజాలే చెబుతాయి

పెరిడోటైట్‌లో ఓలివిన్, రెండు రకాల పైరాక్సీన్లు (ఆర్థోపైరాక్సీన్, క్లినోపైరాక్సీన్) మామూలుగా ఉండే పాత్రలు. నాలుగో పాత్ర మాత్రం లోతును బట్టి మారుతుంది. అల్యూమినియం ఇమడాల్సిన ఖనిజం అది. సుమారు 30 కిలోమీటర్ల లోపు ఫెల్డ్‌స్పార్, అక్కడి నుంచి 60, 80 కిలోమీటర్ల దాకా స్పినెల్ (మొదట్లో చెప్పిన నల్లటి నలుసులు ఇవే), ఆ కింద గార్నెట్. నల్లటి నలుసుల బదులు ముదురు ఎరుపు గింజలు కనిపించాయంటే రాయి బాగా లోతుదని చూడగానే చెప్పొచ్చు.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఖనిజాల మధ్య మూలకాల పంపకాన్ని కొలవాలి. రెండు పైరాక్సీన్లు కాల్షియాన్ని పంచుకునే తీరు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. వేడి పెరిగేకొద్దీ రెండింటి కూర్పూ దగ్గరవుతుంది. గార్నెట్ పక్కనున్న ఆర్థోపైరాక్సీన్‌లో ఇమిడే అల్యూమినియం, అదే వేడి దగ్గర పీడనం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒకటి థర్మామీటరు, ఇంకొకటి పీడన కొలత. రెండూ కలిస్తే రాయి విడిపోయిన లోతు, అక్కడి వేడి రెండూ తెలుస్తాయి. స్పినెల్ ఉన్న రాళ్లలో మాత్రం నమ్మదగిన పీడన కొలత లేదు. వేడి తెలుస్తుంది, లోతు ఊహించుకోవాల్సిందే. ఆల్కలీ బసాల్ట్‌లు తెచ్చేవాటిలో చాలావరకు ఈ రకమే కావడం మన దురదృష్టం.

1973లో ఫ్రాన్సిస్ బాయిడ్ లెసోతో దేశపు కింబర్లైట్‌లలోని రాళ్లకు ఈ లెక్కలు కట్టి, లోతుకి వేడికి ఉన్న సంబంధాన్ని గీతగా గీశాడు. కరిగిపోని ఖనిజాల నుంచి, కోట్ల ఏళ్ల కిందటి భూమి లోపలి ఉష్ణోగ్రతల పట్టిక బయటికొచ్చింది. ఆ గీతలో ఒక వింత కనిపించింది. బాగా లోతైన రాళ్లు ఉండాల్సినదాని కంటే ఎక్కువ వేడి చూపించాయి. అవే రాళ్లు నలిగి, సాగి, పొడిగింజలుగా మారి ఉన్నాయి. మొదట్లో దీన్ని భూమి పై పొరలోని పెద్ద పలకల కదలికతో ముడిపెట్టారు. కానీ అంత వేడిలో అంత సన్నని గింజలు ఎక్కువకాలం అలా ఉండలేవు, కలిసిపోయి పెద్దవవుతాయి. కాబట్టి ఆ నలుగుడు విస్ఫోటనానికి కాస్త ముందే జరిగి ఉండాలి. కింబర్లైట్ కంటే ముందు వచ్చిన ద్రవాలు ఆ రాళ్లను వేడెక్కించాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. రాయిలో కనిపించే ప్రతి గుర్తూ దాని పుట్టుకది కాదని ఇక్కడ మళ్లీ రుజువైంది.

ఇంతకీ పుట్టుక ఏది?

ఇప్పుడు అసలు ప్రశ్న. మాంటిల్ రాయి మాంటిల్‌లో ఎలా తయారైంది?

చాలా పెరిడోటైట్ ముక్కలు కరగగా మిగిలిన పిప్పి. మాంటిల్ రాయి పైకి లేచినప్పుడు పీడనం తగ్గి కొంతభాగం కరుగుతుంది. మొత్తం కరగదు. ఆ కరిగిన భాగం బసాల్ట్‌గా పైకి వెళ్లి భూపటలం అవుతుంది. మిగిలినదాంట్లో కాల్షియం, అల్యూమినియం తగ్గుతాయి, మెగ్నీషియం వంతు పెరుగుతుంది. ముందు తరిగిపోయేది పచ్చటి క్లినోపైరాక్సీన్. అది బాగా ఉన్న రాయి లెర్జోలైట్, దాదాపు అయిపోయిన రాయి హార్జ్‌బర్గైట్, దాదాపు అంతా ఓలివినే అయినది డ్యునైట్. పేర్లు వరుసగా ఫ్రాన్స్‌లోని లెర్జ్ సరస్సు, జర్మనీలోని హార్జ్‌బర్గ్, న్యూజిలాండ్‌లోని డన్ పర్వతం నుంచి వచ్చాయి. ప్రాచీన ఖండాల అడుగు నుంచి వచ్చే రాళ్లలో ఓలివిన్ మెగ్నీషియం సంఖ్య 92, 93 దాకా ఉంటుంది. అంటే అవి చాలా ఎక్కువగా పిండబడిన రాళ్లు.

ఈ కథ ఇంత సాఫీగా ఉంటే బాగుండేది. 1974లో ఫ్రెడరిక్ ఫ్రే, డేవిడ్ గ్రీన్ విక్టోరియా రాళ్లను విశ్లేషించినప్పుడు అడ్డం తిరిగింది. కరిగేటప్పుడు ముందుగా ద్రవంలోకి పారిపోయే కొన్ని మూలకాలున్నాయి. వాటిని ఇముడని మూలకాలు అందాం. పిప్పిలో అవి ఉండకూడదు. కానీ ఆ రాళ్లలో, బాగా పిండబడినట్టు కనిపించిన వాటిలోనే, అవి సమృద్ధిగా ఉన్నాయి. దీనికి వాళ్లు చెప్పిన కారణం రెండు అంచెల చరిత్ర. మొదట రాయి కరిగి పిప్పి అయింది. చాలాకాలం తర్వాత ఎక్కడి నుంచో వచ్చిన కొద్దిపాటి ద్రవం దాని సందుల్లోకి ఇంకి, ఆ మూలకాలను వదిలి వెళ్లింది. దీన్ని మెటాసొమాటిజం అంటారు. కొన్ని రాళ్లలో ఈ ఇంకుడు కంటికే కనిపిస్తుంది. బంగారు గోధుమరంగు అభ్రకం రేకులు, నల్లటి యాంఫిబోల్ గింజలు కొత్తగా పెరిగి ఉంటాయి. నీళ్లున్న ఖనిజాలు అవి. పొడిగా ఉండాల్సిన పిప్పిలో వాటికి చోటెక్కడిది?

లెర్జోలైట్‌కి పేరిచ్చిన రాయినే ఈ చిక్కు వదల్లేదు. లెర్జ్ దగ్గరి రాయి జెనోలిత్ కాదు, కొండల్లో బయటపడిన మాంటిల్ ముక్క. అయినా పెద్దగా పిండబడని మాంటిల్‌కి దాన్నే నమూనాగా తరాల తరబడి చెప్పుకున్నారు. 2007లో అచ్చయిన పరిశోధన దాన్ని తిరగేసింది. అక్కడి లెర్జోలైట్ ఒకప్పుడు హార్జ్‌బర్గైట్ అని, తర్వాత దాని గుండా పారిన బసాల్ట్ ద్రవం మళ్లీ క్లినోపైరాక్సీన్‌ని నింపిందని చూపించింది. కాబట్టి ఒక ముక్కలో పచ్చ గింజలు నిండుగా కనిపించినంత మాత్రాన అది ఆదిమ మాంటిల్ అనేయలేం. పిండాక మళ్లీ నింపినదీ కావచ్చు.

ఇంకో రకం రాళ్లు పూర్తిగా వేరే దారిలో వచ్చాయి. ఎర్ర గార్నెట్, పచ్చ పైరాక్సీన్ మాత్రమే ఉండే ఎక్లోజైట్‌లు. కూర్పు చూస్తే బసాల్ట్, ఖనిజాలు చూస్తే వంద కిలోమీటర్లకు మించిన లోతు. దక్షిణాఫ్రికాలోని రాబర్ట్స్ విక్టర్ గనిలో దొరికిన ఎక్లోజైట్‌లలో ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి మాంటిల్‌లో ఉండాల్సిన సన్నని పరిధిని దాటి రెండు వైపులా చెదిరి ఉంది. అంత తేడా మాంటిల్‌తో పోలిస్తే తక్కువ ఉష్ణోగ్రతల్లో నీటితో చర్య జరిగితేనే వస్తుంది. లోతులో ఎంత కాగినా రాదు. అందుకే ఇవి ఒకనాటి సముద్రపు అడుగు అని, పలక కిందికి జారినప్పుడు మాంటిల్‌లోకి దిగిందని ఎక్కువమంది నమ్ముతారు. కొన్ని ఎక్లోజైట్‌లు లోతులోనే మాగ్మా గడ్డకట్టి పుట్టినవనే వాదన ఇంకా ఉంది. అన్నిటికీ ఒకే పుట్టుక అంటగట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. అయినా ఐసోటోపుల సాక్ష్యం ఉన్న రాళ్ల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. ఆ ముక్క ఒకసారి భూమి పైన ఉండి, కిందికి వెళ్లి, మళ్లీ అగ్నిపర్వతం ఎక్కి తిరిగొచ్చింది.

గడియారాలు

రాతి వయసు కొలవడం మామూలు పనిలాగే కనిపిస్తుంది గానీ మాంటిల్ ముక్క దగ్గర మామూలు పద్ధతులు బోల్తా కొడతాయి. రేడియోధార్మిక గడియారం నడవాలంటే మూలకాలు గింజల మధ్య అటూ ఇటూ తిరగడం ఆగిపోవాలి. వెయ్యి డిగ్రీల వేడిలో అవి తిరుగుతూనే ఉంటాయి. రాయి పైకొచ్చి చల్లారినప్పుడే గడియారం మొదలవుతుంది. అందుకే చాలాసార్లు అలా కొలిస్తే వచ్చేది ప్రయాణపు తేదీ, పుట్టిన తేదీ కాదు.

దీనికి దారి చూపినది రీనియం, ఆస్మియం అనే లోహాల జంట. రీనియం నెమ్మదిగా క్షీణించి ఆస్మియంగా మారుతుంది. మాంటిల్ కరిగినప్పుడు రీనియం ద్రవంతో పోతుంది, ఆస్మియం పిప్పిలోనే ఉండిపోతుంది. తల్లి మూలకమైన రీనియం వెళ్లిపోయాక ఆస్మియం ఐసోటోపుల నిష్పత్తి ఇక పెరగదు. కరిగిన రోజున ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. గింజల మధ్య ఎంత కలగాపులగం జరిగినా మొత్తం రాతిలో ఆ నిష్పత్తి మారదు. తర్వాత ఇంకిన ద్రవాల్లో ఆస్మియం చాలా తక్కువ కాబట్టి మెటాసొమాటిజం కూడా దాన్ని అంతగా చెరపలేదు. 1980ల చివర నుంచి దక్షిణాఫ్రికా జెనోలిత్‌లకు ఈ పద్ధతి వాడినప్పుడు కొన్నిటికి 300 కోట్ల ఏళ్ల దరిదాపు వయసులు వచ్చాయి. వాటిని మోసిన కింబర్లీ కింబర్లైట్‌ల వయసు సుమారు 9 కోట్ల ఏళ్లు. పచ్చ ముద్ద లావా బిడ్డా కాదా అన్న పాత తగాదా ఈ రాళ్ల విషయంలో ఇక్కడ తెగిపోయింది. తల్లి కంటే బిడ్డ 290 కోట్ల ఏళ్లు పెద్దదవడం కుదరదు.

వజ్రాలదీ ఇదే సంగతి. కింబర్లైట్‌లో దొరుకుతాయి కాబట్టి కింబర్లైట్‌లోనే పుట్టాయనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1984లో స్టీఫెన్ రిచర్డ్‌సన్, సహచరులు కింబర్లీ, ఫిన్ష్ గనుల వజ్రాల్లో చిక్కుకున్న చిన్న గార్నెట్‌ల వయసు 320 నుంచి 330 కోట్ల ఏళ్లని చూపించారు. వజ్రం గట్టి పెట్టెలా గార్నెట్‌ని బయటి వేడి నుంచి కాదు గానీ బయటి మూలకాల నుంచి వేరుచేసి ఉంచింది. గడియారం చెడలేదు. వజ్రాలు కూడా పరాయి ప్రయాణికులే, ఒంటరి గింజలుగా వచ్చాయంతే.

300 కోట్ల ఏళ్లు ఆ రాయి కింద మాంటిల్‌లో కలిసిపోకుండా ఎలా నిలిచింది? చల్లటి రాయి బరువెక్కి మునగాలి కదా. 1970లలో థామస్ జోర్డాన్ చెప్పిన జవాబు నాకు అందంగా అనిపిస్తుంది. బాగా పిండినప్పుడు రాయిలో ఇనుము, గార్నెట్ తగ్గాయి. అవి బరువైనవి. వాటి కొరతతో వచ్చిన తేలిక, చల్లదనంతో వచ్చిన బరువుని దాదాపు సరిగ్గా కొట్టేస్తుంది. ఆ సమతూకంతో ప్రాచీన ఖండాల కింద 200 కిలోమీటర్ల మందమైన వేర్లు నిలిచి ఉన్నాయి.

నిలవని చోటు కూడా ఒకటి ఉంది. ఉత్తర చైనా. అక్కడ షాన్‌డాంగ్‌లోని మెంగ్‌యిన్, లియావ్‌నింగ్‌లోని ఫుషియన్ దగ్గర సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్‌లు పేలాయి. అవి వజ్రాలు తెచ్చాయి, గార్నెట్ పెరిడోటైట్‌లు తెచ్చాయి. వాటి ఖనిజాలు చెప్పేదాని ప్రకారం ఆనాడు ఆ నేల కింద చల్లటి, దాదాపు 200 కిలోమీటర్ల మందమైన ప్రాచీన వేరు ఉంది. గత కొన్ని కోట్ల ఏళ్లలో అదే ప్రాంతంలో ఆల్కలీ బసాల్ట్‌లు పొంగాయి. అవి తెచ్చినవి ఎక్కువగా స్పినెల్ లెర్జోలైట్‌లు. వేడిగా ఉన్నవి, పెద్దగా పిండబడనివి, చాలావాటికి అంత ప్రాచీనమైన వయసూ లేదు. ఈనాటి భూకంప తరంగాలు కూడా తూర్పు భాగంలో పలక మందం 80 కిలోమీటర్ల చుట్టుపక్కలే అంటున్నాయి. రెండు విస్ఫోటనాల మధ్య కాలంలో వంద కిలోమీటర్లకు పైగా రాయి అడుగు నుంచి మాయమైంది. పసిఫిక్ పలక ఆ కిందికి దూరడం వల్ల మెత్తబడి, అరిగి, కొంత ఊడి పడిపోయిందన్న వివరణకు ఎక్కువ బలముంది. ఎంత భాగం అరిగింది, ఎంత ఊడింది అన్న దాని మీద చర్చ నడుస్తోంది. ఆ వేరు ఒకప్పుడు అక్కడ ఉండేదని చేత్తో పట్టుకుని చూపించే సాక్ష్యం మాత్రం 47 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ పైకి తెచ్చిన ఆ ముక్కలే.